వచనం చాలదు, అధ్యాయం కావాలి

గోదావరి చెన్నూరు దగ్గర దారి మార్చి ఉత్తరానికి పారుతుంది. అందుకే ఈ చోటును పంచక్రోశ ఉత్తరవాహిని అంటారు, పుష్కరాల్లో స్నానానికి దూరదూరాల నుంచి వస్తారు. అగస్త్యేశ్వరాలయం ఊరికి పెద్ద గుర్తు. నిజాం ఏలుబడి నాటి నుంచి ముస్లిం కుటుంబాలున్నాయి. పడమటి దిక్కున మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్ బొగ్గు గనులు ఎక్కడెక్కడి మనుషుల్నో ఒకచోట చేర్చాయి. ఇలాంటి నేల మీద క్రైస్తవ విశ్వాసం గురించి నోరు విప్పితే ఒకేసారి చాలామందికి జవాబు చెప్పాలి. "దేవుడు ఒక్కడే అంటరు, మల్ల మూడు పేర్లెందుకు తీస్తరు?" అని ఒకరు అడుగుతారు. "యేసు తానే దేవుణ్ణని ఏడ జెప్పిండు?" అని ఇంకొకరు. "మీ బైబిలును మార్చిండ్రు గదా" అని మరొకరు. ఇవి బయటివాళ్ల ప్రశ్నలు మాత్రమే కావు. మందిరంలో ముందు వరుసలో కూర్చునేవాళ్లకూ ఇవే సందేహాలున్నాయి. అడిగితే విశ్వాసం తక్కువనుకుంటారేమోనని నోరు కట్టేసుకుంటారు.

ఈ ప్రశ్నలకు మన సంఘాల్లో ఇస్తున్న జవాబులను ఒక్కసారి కలిపి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. సిద్ధాంతాల్లో బలహీనత లేదు, వాటిని నిలబెట్టే పద్ధతిలో ఉంది. అధ్యాయం సంఖ్య, వచనం సంఖ్య గబగబా చెప్పి, అవతలివాళ్లు ఇంకో సంఖ్య చెబితే మనం మరొకటి చెప్పడం వాదనగా చెలామణీ అవుతోంది. ఈ అలవాటు వాదనల దగ్గర మొదలు కాలేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన వచనం కార్డు తీసుకునే దగ్గరే మొదలైంది. యిర్మీయా 29:11 ఎన్ని ఇళ్ల గోడల మీద ఉందో చూడండి. దానికి ముందున్న 10వ వచనం మాత్రం ఏ గోడ మీదా ఉండదు. బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి ప్రవక్త రాసిన ఉత్తరం అది. విడుదలకు డెబ్బై ఏళ్లు పడుతుందని అందులోనే ఉంది. విన్న పెద్దవాళ్లలో ఎక్కువమంది తిరిగి రాకుండానే కన్నుమూస్తారు. అంత బరువైన మాటను ఈ సంవత్సరపు ఉద్యోగానికో పెళ్లికో హామీగా చదవడం నేర్పాక, యోహాను సువార్తను మాత్రం సందర్భంతో చదవమంటే జనం ఎట్లా చదువుతారు?

మొదటి నుంచీ ఇట్లా లేదు. 1880ల్లో వెస్లియన్ మెథడిస్టులు కరీంనగర్ దాకా వచ్చారు. మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ పని చేశారు. కరువు కాలంలో జనానికి పని, తిండి దొరకాలని మొదలుపెట్టి కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. తూర్పున డోర్నకల్‌కు తిరునల్వేలి నుంచి 1909లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య వచ్చారు. తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. చదువు రాని మాల, మాదిగ పల్లెల్లో ఆయన పెట్టిన నియమం గట్టిది. బాప్తిస్మానికి ముందు ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నోటికి రావాలి, వాటి అర్థం చెప్పగలగాలి. రాత్రి పొలం నుంచి వచ్చాక ఊరి ఉపదేశి చుట్టూ కూర్చుని, పాటగా కట్టి, కథగా చెప్పించుకుని నేర్చుకునేవారు. 19వ శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి వంటి కవులు సృష్టి నుంచి సిలువ దాకా మొత్తం సిద్ధాంతాన్ని కీర్తనల్లో పెట్టి ఉంచారు కాబట్టి అక్షరం రాకపోవడం పెద్ద అడ్డంకి కాలేదు.

గుంపులు గుంపులుగా మతంలోకి వస్తున్న వాళ్ల ఉద్దేశాలు శుద్ధమైనవేనా అని ఆ రోజుల్లో పెద్ద చర్చ నడిచింది. గాంధీ, అజరయ్య ఈ విషయంలో గట్టిగానే విభేదించారు. జె. వాస్కమ్ పికెట్ తెలుగు ప్రాంతాలు కూడా కలిపి అధ్యయనం చేసి 1933లో పుస్తకం వేశారు. వచ్చినప్పటి ఉద్దేశం కన్నా, వచ్చాక అందిన బోధ, కాపుదల ఒక సంఘం ఎదుగుదలను ఎక్కువ నిర్ణయిస్తాయన్నది ఆయన తేల్చిన ముఖ్య విషయం. తొంభై ఏళ్లు దాటినా ఆ మాట పాతబడలేదు. ఇవాళ ఈ ప్రాంతంలో 1978లో డోర్నకల్ నుంచి విడిపోయిన సి.ఎస్.ఐ. కరీంనగర్ డయాసిస్, 1999లో మంచిర్యాల కేంద్రంగా ఏర్పడిన ఆదిలాబాద్ సీరో మలబారు కతోలిక మేత్రాసనం, బ్రదర్ భక్తసింగ్ పరిచర్య నుంచి పుట్టిన సహవాసాలు, బైబిల్ మిషన్, పెంతెకోస్తు మందిరాలు, ఎవరికీ చెందని స్వతంత్ర సంఘాలు అన్నీ పనిచేస్తున్నాయి. సంఘాలు పెరిగాయి కానీ ఊరి ఉపదేశి మాత్రం పోయాడు. ఆ ఖాళీలోకి ఫోన్ వచ్చింది, దానితో పాటు ప్రతి సిద్ధాంతం మీదా వాదం వచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ వాదం త్రిత్వం మీదే.

మన పాస్టర్లు తరచుగా ఇచ్చే ఉపమానాలతో మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడే చాలా నష్టం జరుగుతోంది. నీరు, మంచుగడ్డ, ఆవిరి మూడూ ఒకటే అంటారు. ఒకే మనిషి తండ్రి, కొడుకు, భర్త అయినట్టు అంటారు. విన్నవాళ్లు తల ఊపుతారు. కానీ ఆ ఉపమానాలు చెప్పేది త్రిత్వం కాదు. ఒకే దేవుడు మూడు వేషాలు వేశాడన్న సబెల్లియస్ బోధ అది, మూడో శతాబ్దంలోనే సంఘం కాదన్నది. యేసు యొర్దానులో నిలబడినప్పుడు ఆత్మ దిగివచ్చింది, తండ్రి స్వరం ఆకాశం నుంచి వినిపించింది అని మత్తయి 3 చెబుతుంది. ఆవిరి, మంచుగడ్డ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. యోహాను 17లో కుమారుడు తండ్రికి చేసిన పొడవైన ప్రార్థన ఒకే వ్యక్తి తనలో తాను మాట్లాడుకోవడమైతే ఆ అధ్యాయానికి అర్థమే ఉండదు. ఈ బోధను పట్టుకుని యేసు నామంలో మాత్రమే బాప్తిస్మమివ్వాలనే సంఘాలు అపొస్తలుల కార్యాలు 2:38, 10:48, 19:5 చూపిస్తాయి. అవి నిజంగా ఉన్న వచనాలే, దాచాల్సిన పని లేదు. అయితే అక్కడ లూకా బాప్తిస్మమిచ్చే వేళ పలకాల్సిన మాటలు రాసిపెట్టడం లేదు. ఆ జనం ఎవరి అధికారం కిందికి వచ్చారో చెబుతున్నాడు.

త్రిత్వం అనే మాట బైబిల్లో లేదన్నది ఇంకో అభ్యంతరం. లేదు, నిజమే. ఆ మాట వాడకంలోకి రాకముందే ఆ విశ్వాసం పత్రికల్లో ఉంది. యేసు సిలువ వేయబడ్డాక పాతికేళ్లకే పౌలు కొరింథు సంఘానికి మొదటి పత్రిక రాశాడు. దాని 8వ అధ్యాయం 6వ వచనం దగ్గర ఆగండి. యూదులు పొద్దున, సాయంత్రం పలికే ద్వితీయోపదేశకాండం 6:4లోని ఏకదేవ ప్రమాణాన్ని తీసుకుని, దానిలోనే తండ్రిని, ప్రభువైన యేసును ఇద్దరినీ ఉంచాడు. ఇద్దరు దేవుళ్లని చెప్పే ధైర్యం ఆ పరిసయ్యుడికి కలలో కూడా రాదు. ఫిలిప్పీ 2లో ఇంకా ముందుకు వెళ్లాడు. ప్రతి మోకాలూ తనకొక్కడికే వంగుతుందని యెహోవా ప్రమాణం చేసిన చోటు యెషయా 45:23. అన్యదేవతలను కాదని చెప్పడానికి పాత నిబంధనలో అంతకన్నా గట్టి అధ్యాయం దొరకదు. పౌలు ఆ మోకాళ్లనే యేసు నామానికి వంచాడు, అది తండ్రికి మహిమ అన్నాడు. ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చదివించిన బైబిల్ స్టడీలో ఉపమానాల అవసరం రాదు.

ఎదుటివాళ్లు చూపే వచనాలను కూడా మనమే ముందు చదివించాలి. తండ్రి తనకన్నా గొప్పవాడని యేసు అన్నది యోహాను 14:28. అంత్యదినం కుమారుడికి తెలియదన్నది మార్కు 13:32. కొలస్సీ 1:15లో క్రీస్తు సృష్టికి ఆదిసంభూతుడు. ఈ చివరిదాన్ని యెహోవాసాక్షులు ఎక్కువగా వాడతారు, మొదట సృష్టి అయినవాడు అని చెబుతారు. అయితే కీర్తన 89:27లో దేవుడు దావీదును జ్యేష్ఠుణ్ణి చేస్తానంటాడు. దావీదు యెష్షయి కొడుకుల్లో అందరికన్నా చిన్నవాడు. అక్కడ జ్యేష్ఠత్వం పుట్టిన వరుస కాదు, వారసత్వ అధికారం. కొలస్సీలోనూ తర్వాతి వచనమే సమస్తమూ ఆయన ద్వారా, ఆయన కోసం సృష్టి అయిందని చెప్పి సందేహం తీరుస్తుంది. మిగతా రెండు వచనాలను ఇంత సులువుగా దాటలేం. కుమారుడు నిజంగా మనిషి అయ్యాడు, అలసిపోయాడు, నేర్చుకున్నాడు, తండ్రికి లోబడ్డాడు. దేవత్వాన్ని కాపాడాలనే తొందరలో ఆయన మనుష్యత్వాన్ని నటనగా మార్చేస్తే హెబ్రీ 4:15 మనకు ఇచ్చే ఆదరణ పోతుంది. 451లో కల్కెదోను సభ రెండింటినీ కలపకుండా, విడదీయకుండా ఒప్పుకోమన్నది అందుకే.

కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఓటింగు పెట్టి యేసును దేవుణ్ణి చేశాడన్న కథ కూడా ఇక్కడి ఫోన్లలో బాగా తిరుగుతుంది. నికయ సభ జరిగింది 325లో. అంతకు రెండు వందల ఏళ్ల ముందే, 112 ప్రాంతంలో, బితూనియ ప్రాంతపు రోమా అధికారి ప్లినీ తన చక్రవర్తికి రాసిన ఉత్తరంలో క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిలా కీర్తిస్తున్నారని తెలియజేశాడు. అతను క్రైస్తవుడు కాదు, వాళ్లను విచారించి శిక్షిస్తున్నవాడు. నికయలో తేలిన విషయం వేరు. కుమారుడు ఒకప్పుడు లేడన్న అరియస్ బోధను, సంఘం అప్పటికే చేస్తున్న ఆరాధనతో పోల్చి తప్పన్నారు. సృష్టి అయినవాడిని ఆరాధిస్తే అది విగ్రహారాధన అవుతుంది, ఆరాధన మానేస్తే అపొస్తలుల సంఘం కాకుండా పోతుంది. అరియస్‌ను ఎదిరించిన అతనాసియస్ పట్టుకున్న పట్టు అదే.

యేసు తన దేవత్వాన్ని ఎక్కడ చెప్పాడని ముస్లిం స్నేహితులు అడిగినప్పుడు మన వాళ్లు వెంటనే యోహానుకు పరిగెత్తుతారు. నేనైతే మార్కు 2 తెరవమంటాను. పక్షవాతం ఉన్న మనిషిని ఇంటి కప్పు విప్పి దింపితే, యేసు ముందు అతని పాపాలు క్షమించాడు. దేవుడు తప్ప ఎవరూ క్షమించలేరని శాస్త్రులు లోలోపల గొణుక్కున్నారు. వాళ్ల తర్కం సరైనదే. యేసు ఆ తర్కాన్ని కాదనలేదు, ఆ మనిషిని లేపి నడిపించాడు. మార్కు 14లో ప్రధాన యాజకుడి ముందు దానియేలు 7లోని మనుష్యకుమారుణ్ణి తనకు అన్వయించుకున్నాడు, దానికే దైవదూషణ నేరం మోపారు. సువార్త మొత్తం ఈ రెండు ఘట్టాల మధ్య నడుస్తుంది. పదహారు అధ్యాయాలే. ఒక పూటలో చదివి ముగించవచ్చు.

హిందూ పొరుగువారితో మాట్లాడేటప్పుడు వచ్చే చిక్కు వేరు. త్రిత్వమంటే త్రిమూర్తులు, యేసు అంటే ఒక అవతారం అని వాళ్లు సద్భావంతోనే అర్థం చేసుకుంటారు. ఆ సద్భావాన్ని గౌరవించాలి, తేడానూ చెప్పాలి. అవతారం పని ముగిశాక దేహాన్ని వదులుతుంది, మళ్లీ మళ్లీ వస్తుంది. క్రీస్తు దేహంతో లేచాడు, ఆ దేహంతోనే ఉన్నాడు, ఒక్కసారే. ఇంతవరకు చెబితే చాలు. కానీ మన సువార్తికుల్లో కొందరు వేదాల్లోనే క్రీస్తు ఉన్నాడని, ప్రజాపతి యాగమంటే సిలువేనని శ్లోకాలు చదువుతారు. ఈ దారి కొత్తది కాదు. బెంగాలీ క్రైస్తవ పండితుడు కృష్ణమోహన్ బెనర్జీ 1875లోనే ప్రజాపతి గురించి పుస్తకం రాశారు. ఆయన సంస్కృతం చదివి, ఆలోచించి, గౌరవంతో రాశారు. ఇవాళ మైకుల్లో వినిపించేది చాలాచోట్ల ఎక్కడి శ్లోకమో తెలియని మాటలకు కట్టిన అర్థం. ఆ గ్రంథాలను పవిత్రమనుకునేవాళ్ల ముందు అట్లా చేయడం సత్యం చెప్పే పద్ధతి కాదు. 1 పేతురు 3:15 జవాబు సిద్ధంగా ఉంచుకోమంటూ, అది సాత్వికంతో, భయంతో చెప్పమని కూడా అదే ఊపిరిలో అంటుంది.

సిలువ గురించి మాట్లాడేటప్పుడు ఈ నేల మరింత జాగ్రత్త అడుగుతుంది. పోచమ్మకు కోడిని, మైసమ్మకు మేకను ఇవ్వడం ఇక్కడి జీవితంలో భాగం. గనిలోకి దిగే ముందు మైసమ్మకు మొక్కే కార్మికుడికి రక్తం అనగానే ఒక అర్థం తడుతుంది: కోపంగా ఉన్న దైవాన్ని శాంతపరచడానికి మనిషి ఇచ్చేది. మన ప్రసంగాలు కూడా తండ్రి ఉగ్రుడై నిలబడితే కుమారుడు అడ్డం పడ్డాడన్నట్టు చెప్పి ఆ అర్థాన్నే బలపరుస్తాయి. ఒకరి తప్పుకు ఇంకొకరిని కొట్టడం ఏం న్యాయమని విన్నవాళ్లు అడిగితే తప్పు వాళ్లది కాదు. లేవీయకాండం 17:11 చూడండి. బలిపీఠం మీద రక్తాన్ని ఇచ్చింది మనిషి కాదు, దేవుడే తానిచ్చానంటున్నాడు. రోమా 3:25లో క్రీస్తును ప్రాయశ్చిత్తంగా ముందు నిలిపింది దేవుడు. 2 కొరింథీ 5:19లో క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నది దేవుడు. మూడోవాడెవరో శిక్ష అనుభవించలేదు, తప్పు జరిగింది ఎవరి పట్లనో ఆయనే ఆ భారం మోశాడు. త్రిత్వం సరిగ్గా నేర్పని సంఘంలో సిలువ కూడా సరిగ్గా అర్థం కాదని నాకు గట్టిగా అనిపించేది ఇక్కడే. హెబ్రీ 10 ఆ బలి ఒక్కసారితో సరిపోయిందంటుంది. ఇక దేవుడికి ఇచ్చి బతిమాలాల్సింది ఏమీ లేదు. కానుక వేస్తే గండం పోతుందని చెప్పే ప్రతి ప్రసంగం ఈ అధ్యాయాన్ని కొట్టేస్తుంది.

పునరుత్థానం మీద మన బోధ ఈస్టరు ఉదయానికే పరిమితం అయిపోయింది, పౌలు మాత్రం మొత్తం భారం దాని మీదే వేశాడు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటనా వట్టిదే, మీ నమ్మకమూ వట్టిదే అన్నట్టు 1 కొరింథీ 15లో రాసిన మనిషి, పరీక్షకు తలుపు తీసిపెట్టాడు. అదే అధ్యాయంలో తనకు అందిన సాక్ష్యాన్ని అప్పగిస్తూ కేఫా, పన్నెండుమంది, ఐదు వందలకు పైగా సహోదరులు, యాకోబు అని పేర్కొన్నాడు. ఆ ఐదు వందల్లో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారన్నాడు, అంటే వెళ్లి అడగవచ్చని. నాలుగు సువార్తల్లోనూ ఖాళీ సమాధి దగ్గరకు ముందు వెళ్లింది స్త్రీలు. ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ ఇవ్వని సమాజంలో కథ అల్లేవాళ్లు ఆ పాత్ర పేతురుకు ఇచ్చి ఉండేవాళ్లు. అపొస్తలులే ఆ స్త్రీల మాటలు నమ్మలేదని లూకా 24:11 ఒప్పుకుంటుంది. యేసు మన దేశానికి వచ్చాడన్న కథ కూడా ఊళ్లలో వినిపిస్తుంది. 1894లో నికొలాయ్ నొటొవిచ్ లదాఖ్‌లోని హెమిస్ మఠంలో ప్రాచీన గ్రంథం చూశానని పుస్తకం వేశాడు. మరుసటి ఏడాదే ఆర్చిబాల్డ్ డగ్లస్ అక్కడికి వెళ్లి అడిగితే అలాంటి గ్రంథమేదీ లేదని మఠాధిపతి చెప్పాడు. రోమా చరిత్రకారుడు టాసిటస్, క్రైస్తవుల మీద ప్రేమేమీ లేనివాడు, పొంతి పిలాతు కాలంలో క్రీస్తుకు మరణశిక్ష పడిందని రాశాడు. నొటొవిచ్, టాసిటస్ ఇద్దరిలో ఎవరి మాట నమ్మదగిందో పాఠకులే చెప్పగలరు.

బైబిలును మార్చారన్న ఆరోపణకు చాలామంది బోధకులు ఒక్క అక్షరం కూడా మారలేదని గట్టిగా అరిచి జవాబిస్తారు. ఆ జవాబు నిలబడదు, అవసరమూ లేదు. చేతిరాత ప్రతుల్లో తేడాలున్నాయి. మార్కు చివరి పన్నెండు వచనాలు ప్రాచీనమైన రెండు పెద్ద ప్రతుల్లో లేవు. 1 యోహాను 5:7లో తండ్రి, వాక్యం, ఆత్మ ఒక్కటేనన్న వాక్యాన్ని ఎరాస్మస్ 1516, 1519 గ్రీకు ముద్రణల్లో వేయలేదు, ఒత్తిడి వచ్చాక 1522లో చేర్చాడు. అట్లా అది కింగ్ జేమ్స్ బైబిల్లోకి వచ్చింది. మనం చదివే తెలుగు బైబిల్లో ఆ వాక్యం లేదు. ఉన్నదనుకుని త్రిత్వానికి రుజువుగా చూపిస్తే తెలిసినవాళ్ల ముందు తలవంచుకోవాలి. ఇన్ని తేడాలను మనకు చూపించింది ఎవరు? వేల ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చిన క్రైస్తవ పండితులే. ఏ తేడా ఎక్కడుందో బయటపెట్టగలిగిన గ్రంథాన్ని రహస్యంగా మార్చారనడం కుదరదు. ఆ తేడాలన్నీ తీసి పక్కన పెట్టినా పైన చెప్పిన ఫిలిప్పీ 2, 1 కొరింథీ 8 కదలవు. మన తెలుగు బైబిల్ కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్లు ఆగస్టస్ డెగ్రాంజెస్, జార్జ్ క్రాన్ తెలుగు నేర్చుకుంటూ, ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో చేసిన మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అది బెంగాల్‌లోని శ్రీరాంపూర్, మన గనుల శ్రీరాంపూర్ కాదు. అచ్చు చూడకముందే డెగ్రాంజెస్, క్రాన్ ఇద్దరూ చనిపోయారు. ఆ తర్వాత ఎన్ని చేతులు దిద్దితే ఇప్పుడు మన ఒడిలో ఉన్న పుస్తకమైందో పిల్లలకు చెప్పాలి.

వాక్యం తర్వాత కొత్త బయలుపాటు ఉంటుందా అన్నది తెలుగు నేలకు సొంతమైన ప్రశ్న. ముంగమూరి దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘం నుంచి బయటికొచ్చి 1938లో బైబిల్ మిషన్ మొదలుపెట్టారు. దేవుడు ఇవాళ కూడా దర్శనంలో, స్వరంలో మాట్లాడతాడని నేర్పారు. ఆయన ప్రార్థనా జీవితాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయొద్దు, అన్నిటినీ పరీక్షించండి అన్నది 1 థెస్సలొనీక 5 క్రమం. రెండూ కలిపే ఆజ్ఞాపించింది. ఇప్పటి చాలా మందిరాల్లో మొదటి సగమే వినిపిస్తోంది. పరీక్షించమన్న విశ్వాసిని అవిశ్వాసి అంటున్నారు.

కృప, క్రియల వాదం ఇక్కడ అనవసరంగా వేడిగా ఉంది. కతోలికులు క్రియలతో రక్షణ సంపాదించుకుంటామంటారని ప్రొటెస్టెంటు మైకుల్లో ఇంకా చెబుతారు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కతోలికులు, లూథరన్లు నీతిమంతులుగా తీర్చబడడం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. 2006లో ప్రపంచ మెథడిస్టులు కూడా దానితో కలిశారు. అన్ని తేడాలూ పోలేదు, కానీ రక్షణ కృప వల్లనే, మన యోగ్యత వల్ల కాదన్న చోట కలిశారు. ఆదిలాబాద్ కతోలిక మేత్రాసనమూ, మెథడిస్టు మూలాలున్న సి.ఎస్.ఐ. సంఘమూ ఉన్న ఊళ్లలో ఆ సంగతి ఎవరికీ చెప్పకపోవడం బాధాకరం. ఎఫెసీ 2:8-9 దగ్గర ఆగేవాళ్లు 10వ వచనం చదవాలి, యాకోబు 2 చదివేవాళ్లు అక్కడే ఉన్న ఆదికాండం 15, 22 ప్రస్తావనల క్రమం చూడాలి. అబ్రాహాము నమ్మాడు, ఎన్నో ఏళ్ల తర్వాత ఆ నమ్మకం పర్వతం ఎక్కింది.

స్వస్థత గురించిన బోధ దగ్గర మాత్రం నేను మెత్తగా రాయలేను. నయం కాకపోతే విశ్వాసం చాలలేదనే మాట మన ఊళ్లలో ఎన్నో ఇళ్లను రెండుసార్లు కూల్చింది. జబ్బు ఒకసారి, నింద ఇంకోసారి. గని దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైన మనిషికి, మందులు ఆపేసి ప్రార్థన మీదే ఆనుకోమన్న సలహా ఎంత ప్రమాదమో చెప్పనక్కర లేదు. వాక్యం ఈ బోధకు ఎదురుగా నిలబడుతుంది. పుట్టుగుడ్డివాడి విషయంలో ఎవరి పాపమని అడిగిన శిష్యులను యేసు యోహాను 9లో సరిదిద్దాడు. పౌలు మూడుసార్లు వేడుకున్నా అతని ముల్లు తీయబడలేదు, 2 కొరింథీ 12. రోగియైన త్రోఫిమును మిలేతులో విడిచి వచ్చానని 2 తిమోతి 4:20లో రాశాడు. రుమాళ్లు ముట్టుకుంటేనే జనం బాగుపడిన అపొస్తలుడు తన తోటివాణ్ణి జబ్బుతోనే విడిచి వెళ్లాడు. త్రోఫిముకు విశ్వాసం లేదని పౌలు అనలేదు. తిమోతి కడుపునొప్పికి మందులాంటి సలహానే ఇచ్చాడు. యోబు స్నేహితులు నలభై రెండో అధ్యాయంలో దేవుడి చేత గద్దింపు తిన్నది ఇట్లాంటి సిద్ధాంతం చెప్పినందుకే. స్వస్థత కోసం ప్రార్థించాలి, యాకోబు 5 చెప్పినట్టు పెద్దలు నూనె రాసి ప్రార్థించాలి, ఆస్పత్రికీ తీసుకెళ్లాలి. బాగుకాని మనిషి పక్కన కూర్చోవడం కూడా సంఘం పనే.

చివరిగా సంఘం గురించిన సిద్ధాంతం. దీన్ని వాదనల జాబితాలో ఎవరూ చేర్చరు, కానీ బయటివాళ్లు మనల్ని ముందు కొలిచేది దీనితోనే. గలతీ 3:28లో యూదుడు, గ్రీసుదేశస్థుడు, దాసుడు, స్వతంత్రుడు తేడా లేదన్న మాట ఇక్కడి వెనుకబడిన వాడల్లో నూరేళ్ల క్రితం విముక్తిగా వినిపించింది. ఆ విముక్తి కోసమే చాలామంది వచ్చారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేదు. చెన్నూరు నియోజకవర్గమే ఎస్సీలకు రిజర్వు అయిన చోట, బాప్తిస్మం తీసుకోవడానికి ఒక కుటుంబం ఎంత ఆలోచించాల్సి వస్తుందో మందిరంలో ఉన్నవాళ్లకు తెలుసు. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది వేరే పోరాటం, అది సాగాల్సిందే. అయితే సంఘం లోపల పెళ్లి సంబంధాల్లో, సమాధుల తోటలో, కమిటీ ఎన్నికల్లో పాత గీతలు అట్లాగే ఉంటే, త్రిత్వం మీద ఎంత పకడ్బందీ ప్రసంగం చేసినా బయటివాడికి దాని మీద నమ్మకం కలగదు. కొరింథులో ఇదే జరిగింది. ప్రభువు బల్ల రోజున మనం 1 కొరింథీ 11ను 23వ వచనం నుంచి మొదలుపెట్టి చదువుతాం. పౌలు ఆ మాటలు 17వ వచనం నుంచే ఎత్తుకున్నాడు. ఉన్నవాళ్లు ముందే తిని మత్తుగా ఉన్నారు, లేనివాళ్లు ఆకలితో నిలబడ్డారు, ఇది ప్రభువు భోజనం కానే కాదన్నాడు. వచ్చే నెల మొదటి ఆదివారం 17 నుంచి చదవండి, మధ్యలో ఆపకుండా 34 దాకా.